ముక్క చాలలేదు

ఆ పసివాడి పేగులోంచి తీసిన ముక్క బియ్యపు గింజలో సగం కూడా లేదు. ఫార్మలిన్ సీసా అడుగున నానిపోయిన అటుకు తునకలా తెల్లగా పడి ఉంది. మా టెక్నీషియన్ సీసాని కిటికీ వెలుతురులో ఎత్తి పట్టుకుని, "మేడం, ఇది ముక్కా, నలుసా?" అన్నాడు.

నేను విజయనగరంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పెథాలజిస్టుని. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కలు నా దగ్గరికి వస్తాయి. వాటిని పల్చగా కోయించి, రంగులు వేయించి, మైక్రోస్కోపు కింద చూసి, ఏముందో రాయడం నా పని. మాది బొబ్బిలి పక్క పల్లె. మా నాన్నకి నా ఉద్యోగం ఇప్పటికీ పూర్తిగా బోధపడలేదు. ఎవరైనా అడిగితే "మా అమ్మాయి పెద్ద డాక్టరే గానీ, మందులు రాయదు" అంటాడు.

ఈ ముక్క పంపింది పిల్లల సర్జన్. వారంలో కొన్ని రోజులు విశాఖపట్నం నుంచి వచ్చి మా ఆస్పత్రిలో ఆపరేషన్లు చేసి వెళ్తారు. వయసులో నాకంటే చాలా పెద్ద. చెయ్యి మంచిదని రెండు జిల్లాల్లోనూ పేరు. ఆ పేరు అబద్ధం కాదు, నేనూ ఒప్పుకుంటాను.

పసివాడిది శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున ఉండే ఊరు. వయసు నెల దాటింది. తండ్రి గుజరాత్ బోట్ల మీద చేపల వేటకి పోయాడు. తల్లి చిన్న పిల్ల, ఇదే తొలి కాన్పు. కూడా ఉన్నది నాయనమ్మ ఒక్కతే. ఆవిడ చేపలమ్ముకుని సంసారం ఈదిన మనిషి. పుట్టిన రెండు రోజుల దాకా పిల్లాడు దొడ్డికి వెళ్ళలేదు. నాయనమ్మ తమలపాకు తొడిమ ఆముదంలో ముంచి పెడితే అప్పుడు కొంచెం వచ్చింది. అక్కడ్నుంచి అదే వైద్యమైపోయింది. తొడిమ పెడితే వస్తుంది, పెట్టకపోతే లేదు. పోను పోను తొడిమకీ రావడం మానేసింది. కడుపు బిగిసిపోయి, పైన నరాలు తేలి, తాగిన పాలు పచ్చగా కక్కడం మొదలుపెట్టాడు. శ్రీకాకుళంలో చూపిస్తే అక్కడి డాక్టరు కడుపు మీద చెయ్యి వేసి చూసి, కూర్చోనివ్వకుండా మా ఆస్పత్రికి పంపించేశారు.

ఇలాంటి పిల్లాడిలో మొదట అనుమానించే జబ్బు ఒకటుంది. మన పేగు గోడలో కొన్ని నరాల కణాలు ఉంటాయి. పేగుని ముడిచి వదిలి, లోపలున్నదాన్ని కిందికి నెట్టించేవి అవే. కొందరు పిల్లలు పేగు చివరి భాగంలో ఆ కణాలు లేకుండా పుడతారు. అవి లేనంత మేరా పేగు ముడుచుకునే ఉంటుంది, వదలదు. పైనున్నదంతా అక్కడే ఆగిపోతుంది. దానికి మందు లేదు. కణాలు లేని భాగం కోసి తీసేసి, మంచి పేగుని కిందికి లాగి కుట్టాలి. కానీ కోసేముందు, అక్కడ నిజంగానే కణాలు లేవని తేల్చుకోవాలి. అందుకే మలద్వారం లోపల్నుంచి చిన్న ముక్క తీసి నాలాంటి వాళ్ళకి పంపుతారు. మా వైపు జనం దాన్ని ముక్క పరీక్ష అంటారు.

ఇందులో ఒక చిక్కుంది. కణాలు ఉన్నాయని చెప్పడం తేలిక. ఒక్కటి కనిపించినా చాలు. లేవని చెప్పాలంటే మాత్రం, అవి ఉండాల్సిన చోటంతా చూశానని నా మనసుకి తెలియాలి. అవి పేగు లోపలి పొరలో ఉండవు, దాని కింది పొరలో ఉంటాయి. ముక్కలో ఆ కింది పొర రావాలి. ముక్క మరీ కిందనుంచి తీసినా ఒప్పదు. మలద్వారం అంచు దగ్గర ఆరోగ్యంగా ఉన్న పిల్లలకైనా ఆ కణాలు పల్చగానే ఉంటాయి.

మా టెక్నీషియన్ ఆ నలుసుని మైనంలో పొదిగి, మైనం అయిపోయేదాకా కోశాడు. స్లైడ్లన్నీ చూశాను. పై పొర ఉంది. ఒక పక్కన చర్మానికి దగ్గరగా ఉండే అంచు కూడా ఉంది. కింది పొర లేదు. అంటే ముక్క కిందనుంచి వచ్చింది, పైపైన వచ్చింది.

నేను రాసింది ఇంతే: ముక్క చాలలేదు, దీన్నిబట్టి ఏదీ చెప్పలేను, దయచేసి మళ్ళీ పంపండి.

కాసేపట్లో సర్జన్ గారు మా గదికే వచ్చేశారు. మామూలుగా ఆయన ఫోన్ చేస్తారు, రారు.

"ఏమ్మా, ఇదేం రిపోర్టు?"

"ముక్కలో చూడాల్సిన పొర లేదు సార్."

"కణాలు కనబడ్డాయా?"

"కనబడలేదు."

"మరింకేం, లేవని రాయి. ఎక్స్‌రే చూశాను, కడుపు చూశాను. ఇన్నేళ్ళుగా చేస్తున్నాను, నాకు తెలుసు ఇది అదే జబ్బని."

"మీకు తెలిసింది మీరు రాయండి సార్. నాకు తెలియనిది నేను రాయను."

గదిలో టెక్నీషియన్ ఉన్నాడు, గుమ్మంలో ఒక నర్సు ఉంది. ఆయన ముఖం ఎర్రబడింది. మళ్ళీ ముక్క తీయడమంటే పిల్లాడికి మళ్ళీ మత్తు, మళ్ళీ రోజులు, బంధువులకి మళ్ళీ సంజాయిషీ అన్నారు. అన్నీ నిజాలే. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను గానీ మాట మార్చలేదు. ఇదే కడుపుబ్బరం, ఇదే మలబద్ధకం థైరాయిడ్ తక్కువగా పుట్టిన పిల్లలకీ వస్తుంది. వాళ్ళకి మాత్ర వేస్తే చాలు. చూడని పొరలో ఏముందో ఊహించి నేను 'లేవు' అని రాస్తే, ఆ మాట పట్టుకుని ఒక పసివాడి పేగు కోస్తారు. ఊహ తప్పైతే కోసిన పేగు తిరిగి రాదు.

మధ్యాహ్నం ఆస్పత్రి మేనేజరు పిలిచాడు. "మేడం, సార్‌తో మనకెందుకు? ఆయనకి కోపం వస్తే కేసులన్నీ ఇంకో ఆస్పత్రికి పోతాయి. కాస్త సర్దుకుపోదాం" అన్నాడు. సర్దుకోవడానికి ఇదేమైనా బస్సులో సీటా? ఆ మాటే అన్నాను. మర్నాడు నేను క్యాంటీన్‌లో కాఫీ తాగుతుంటే పక్క బల్ల మీద మాటలు ఆగిపోయాయి.

వార్డులో మాత్రం, ల్యాబువాళ్ళు తేల్చలేకపోయారని ఆ కుటుంబానికి చెప్పారట. నాయనమ్మ వరండాలో నిలబడి కేకలేస్తోందని నర్సు వచ్చి చెప్పింది. పెథాలజిస్టులు ఇలాంటప్పుడు వార్డుకి వెళ్ళరు. నేను వెళ్ళాను.

ఆవిడ గొంతు మెట్ల దగ్గరికే వినబడింది. నన్ను చూపించి ఎవరో చెప్పగానే నా మీదికే వచ్చింది.

"నువ్వేనేటి ఆ డాట్రమ్మవి? మీ సేతకాకపోతే మా గుంటడి ఒంట్లో మల్లీ కోస్తారేటి? ఒకపాలి తీసినారు కదా! ముక్క తీస్తే జబ్బు ఒళ్ళంతా పాకిపోద్దని మా ఊళ్ళో అందరూ సెప్పినారు. అయినా ఒప్పుకున్నాం. ఇప్పుడు సాల్లేదంటే?"

"ముక్క తీస్తే జబ్బు పాకదమ్మా. సాల్లేదు గనకే సాల్లేదని రాసినాను. సాలిందని అబద్ధం రాయమంటావేటి?"

నా నోట్లోంచి ఆ యాస వస్తుందని ఆవిడ అనుకోలేదు. నేనూ అనుకోలేదు. మెడికల్ కాలేజీలో చేరిన కొత్తలో నా 'ఏటి'కీ, నా 'సెప్పు'కీ హాస్టలంతా నవ్వేవారు. కొన్నాళ్ళు నోరు మూసుకుని, కొన్నాళ్ళు అద్దం ముందు సాధన చేసి, మొత్తానికి పుస్తకంలో భాష పట్టుకున్నాను. ఆస్పత్రిలో ఎవరికీ నా ఇంటి మాట తెలీదు. ఆ రోజు వరండాలో అందరి ముందూ అది దానంతటదే వచ్చేసింది. నేనింక వెనక్కి లాక్కోలేదు.

తల్లి మంచం మీద కూర్చుని ఉంది. పిల్లాడు ఒళ్ళో ఉన్నాడు. ఆ పూట నర్సు సన్నటి గొట్టంతో ఉప్పునీళ్ళు ఎక్కించి పేగు కడిగిందేమో, కడుపు కొంచెం మెత్తబడి నిద్రపోతున్నాడు. అంతవరకూ ఆ అమ్మాయి గొంతు నేను వినలేదు. నెమ్మదిగా అడిగింది.

"మల్లీ తీస్తే ఆడికి నొప్పెడతాదా అమ్మా?"

"తీసిన సోట నొప్పి తెలీదు, అక్కడ సూది గుచ్చినా తెలీదు. మత్తిస్తారు. కొంచెం రగతం వస్తాది. అరుదుగా ఎక్కువ వస్తాది, అది సూసుకోడానికి మనుషులుంటారు. ఏటీ అవదని మాత్రం నాను సెప్పను."

ఆమె నా ముఖంలోకి చూసింది. "సాల్లేదంటే ఏటి? నాకు సూపిస్తారా?"

చూపించాను. పిల్లాణ్ణి నాయనమ్మ ఒళ్ళో పెట్టించి, ఆమెని కింద మా ల్యాబుకి తీసుకొచ్చాను. ముందు పాత స్లైడు ఒకటి పెట్టాను, ఎప్పుడో చూసిన మంచి పేగుది. కళ్ళు ఎలా ఆనించాలో చెప్పాను. మొదట తన కనురెప్పలే కనబడ్డాయంది. తర్వాత, "ఊదారంగు సుక్కలున్నాయి" అంది. కింది పొరలో గుంపుగా ఉన్న పెద్ద కణాల దగ్గర మైక్రోస్కోపులోని బాణం గుర్తు ఆపి, ఇవే, పేగుని నెట్టించేవి ఇవే అన్నాను. చాలాసేపు చూసింది. అప్పుడు ఆమె కొడుకు స్లైడు పెట్టాను.

"దీన్లో ఆ సుక్కలు నేవు."

"సుక్కలుండాల్సిన పొరే నేదు. ఇంటి లోపలికెళ్ళి సూడకుండా గుమ్మంలో నిలబడి ఇంట్లో మనుషులు నేరని సెప్పగలమా?"

ఆమె తల ఎత్తింది. "ఐతే మీరు సూడనేక కాదు. సూడ్డానికే నేదు."

అంతే. మూడు రోజులుగా ఎంతమందికో ఎన్నో రకాలుగా చెప్పిన మాట అది.

పైకి వెళ్ళాక అత్తాకోడళ్ళ మధ్య గొడవ మొదలైంది. కొడుకు వచ్చేదాకా ఆగమంది నాయనమ్మ. ఆ అబ్బాయి బోటు సముద్రంలో ఉంది, ఒడ్డుకొస్తే గానీ ఫోన్ అందదు. "మొగుడికి సెప్పకుండా బిడ్డని కోయిస్తావేటే? రేపేదైనా ఐతే నువ్వు సెప్తావా ఆడికి జవాబు?"

"నానే సెప్తాను అత్తా. ఆయనొచ్చినదాకా ఈడి కడుపు ఆగుతాదా?"

అత్త మీద ఆమె గొంతెత్తడం అదే మొదటిసారని తర్వాత నర్సులు చెప్పుకున్నారు. నాయనమ్మ చీర కొంగు దులుపుకుని వరండాలోకి వెళ్ళి కూర్చుంది. ఒప్పుకోలు కాగితం మీద తల్లి వేలిముద్ర వేయలేదు, తన పేరు నిదానంగా రాసి సంతకం పెట్టింది.

రెండోసారి ముక్క తీస్తున్నప్పుడు నేనే వెళ్ళి ఆ గదిలో నిలబడ్డాను. సర్జన్ గారు నన్ను చూసి, "నా మీద కాపలాకి వచ్చావా?" అన్నారు. "ముక్క కోసం వచ్చాను సార్. ఇంకొంచెం పైనుంచి తీయండి" అన్నాను. ఆయన తల తిప్పుకుని పరికరం అందుకున్నారు. కానీ పైనుంచే తీశారు, లోతుగానే తీశారు. నేను ముందే చెప్పాను కదా, చెయ్యి మంచిది. ముక్క ముడుచుకోకుండా అక్కడే కాగితం మీద పరిచి, సీసాలో వేసుకుని తెచ్చుకున్నాను.

ఈసారి కింది పొర పుష్కలంగా ఉంది. కోయించినవన్నీ చూశాను, ఒక రోజు ఆగి మళ్ళీ మొదట్నుంచి చూశాను. ఒక్క కణం కూడా లేదు. వాటి బదులు లావుపాటి నరాల మోపులు ఉన్నాయి, ఈ జబ్బులో ఉండేవే. ఇంకో ప్రత్యేకమైన రంగు వేయడానికి విశాఖపట్నం పంపాను. అక్కడా అదే తేలింది. అప్పుడు రాశాను, కణాలు లేవు అని.

సర్జన్ గారు చెప్పినదే నిజమైంది.

ఆయన ఊరుకోలేదు. అందరూ ఉన్నప్పుడే అన్నారు. "మొదటి రోజే చెప్పాను. ఈ రాద్ధాంతం లేకపోతే పిల్లాడికి ఈపాటికి ఆపరేషన్ అయిపోయేది. ఒకసారి సరిపోయేదానికి రెండుసార్లు కోయించావు."

నా ఒళ్ళు మండింది. కానీ చిత్రంగా సిగ్గు మాత్రం వేయలేదు. వేస్తుందేమోనని లోపల వెతుక్కున్నాను కూడా. "మీరు చెప్పింది నిజమైంది సార్. నేను రాసిందీ నిజమే. రేపు అలాంటి ముక్కే మళ్ళీ వచ్చినా అదే రాస్తాను" అన్నాను. ఆయన ఫైలు మూసి వెళ్ళిపోయారు. మేనేజరు నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

ఆపరేషన్ రోజు పొద్దున్నే నేను థియేటరు పక్క గదిలో కూర్చున్నాను. పేగు బయట్నుంచి చూస్తే మంచిది ఎక్కడ మొదలవుతుందో కచ్చితంగా తెలియదు. అందుకని సర్జన్ పేగు వెంట కిందనుంచి పైకి వెళ్తూ వెళ్తూ ముక్కలు తీసి పంపుతారు. వాటిని అప్పటికప్పుడు గడ్డకట్టించి, కోసి, చూసి, కణాలు ఉన్నాయో లేవో ఫోన్‌లో చెప్పాలి. పిల్లాడు మత్తులో ఉంటాడు, అవతల అందరూ ఆగి ఉంటారు. నా మాట వెళ్తేనే కత్తి కదులుతుంది.

మొదటి ముక్క వచ్చింది. కణాలు లేవని చెప్పాను. ఇంకొంచెం పైనుంచి ఇంకొకటి. అందులో కణాలు ఉన్నాయి. కానీ అక్కడొకటి, అక్కడొకటి. ఒక పక్కన బొత్తిగా లేవు. లావు నరాలు ఇంకా కనబడుతున్నాయి. ఇది మధ్య భాగం. ఇక్కడ కుడితే కుట్టు అతుకుతుంది గానీ పేగు సరిగా పనిచేయదు, పిల్లాడు మళ్ళీ అదే ఉబ్బరంతో తిరిగొస్తాడు.

"ఉన్నాయి సార్, కానీ ఇది మంచి పేగు కాదు. ఇంకా పైకి వెళ్ళండి."

"ఇక్కడ పేగు బాగానే కనిపిస్తోంది. కణాలు ఉన్నాయంటున్నావు కదా?"

"ఉన్నాయి. చాలినన్ని లేవు."

ఫోన్‌లో యంత్రాల చప్పుడు, ఎవరో కత్తెర పెట్టిన చప్పుడు. నేను మాట మింగలేదు, ఇంకో మాట చేర్చలేదు. వరండాలో కూర్చున్న ఆ ఇద్దరాడవాళ్ళూ గుర్తొచ్చారు.

"సరే" అన్నారాయన.

మూడో ముక్కలో కణాలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. పేగు చుట్టూ ఉన్నాయి. స్లైడు ఇంకోసారి చివరిదాకా జరిపి చూశాను. "ఇక్కడ బాగున్నాయి సార్. ఇక్కడే కుట్టండి."

ఆపరేషనైన కొన్నాళ్ళకి ఒక ఉదయం మా ల్యాబు తలుపు తోసుకుని నాయనమ్మ వచ్చింది. చెప్పులు బయట వదలలేదు, ఎవర్నీ అడగలేదు.

"ఒలమ్మా, మా గుంటడు దొడ్డికెళ్ళినాడు! తొడిమ నేదు, గొట్టం నేదు, ఆడంతటాడే ఎళ్ళినాడు. మంచమంతా పాడుసేసినాడు. మా కోడలు సీర కూడా!"

మా టెక్నీషియన్ పగలబడి నవ్వాడు. ఆవిడా నవ్వింది. ఆ నవ్వు అట్టే ఉంచుకోకుండా నా వైపు వేలు చూపించింది. "కానీ నువ్వు మా గుంటడికి రెండోపాలి కోయించినావు. అది నాను మర్సిపోను."

"మర్సిపోవద్దు" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది. నన్ను క్షమించిందో లేదో నాకు తెలీదు. క్షమించాల్సిన పని నేనేమీ చేయలేదు.

తర్వాత నెలలో ఆస్పత్రిలో డాక్టర్ల సమావేశం జరిగింది. ల్యాబుకి వచ్చిన ప్రతి ముక్కకీ అవునో కాదో తేల్చి చెప్పి తీరాలని, చాలలేదని వెనక్కి పంపితే ఆస్పత్రి పేరు పోతోందని మేనేజరు ప్రస్తావన తెచ్చాడు. ఎవరు తెప్పించారో అందరికీ తెలుసు. సర్జన్ గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. నేను లేచాను.

"తేలనిది తేలలేదనే రాస్తాను. ముక్క చాలకపోతే చాలలేదనే రాస్తాను. ఇష్టం లేకపోతే ఇంకొకర్ని పెట్టుకోండి."

టీలు వచ్చాయి. ఆ ప్రస్తావన కాగితం మీదికి ఎక్కలేదు.

అంత ధైర్యం ఎక్కడిదని మా ఆయన అడిగాడు. అందులో ధైర్యం పాలు కొంతే. మా జిల్లాలకి వచ్చి స్థిరపడి ఈ పని చేసేవాళ్ళు తక్కువ, ఆ సంగతి వాళ్ళకీ తెలుసు. నేను ఈ మట్టిదాన్ని, ఎక్కడికీ పోను. వెళ్ళగొట్టడం కూడా అంత తేలిక కాదు.

కిందటి నెల ఆ తల్లి పిల్లాణ్ణి చూపించడానికి తెచ్చింది. మధ్యలో ఒకసారి జ్వరం, నీళ్ళ విరేచనాలు, కడుపుబ్బరం వచ్చి, ఊళ్ళో ఎవరి మాటా వినకుండా బేగి ఆస్పత్రికి తీసుకొచ్చిందట. ఈ ఆపరేషనైన పిల్లలకి అది ప్రమాదమే. వచ్చి మంచి పని చేసింది. తండ్రి కూడా వచ్చాడు, ఎండకి నల్లబడిన పొడుగాటి మనిషి. నమస్కారం పెట్టి నిలబడ్డాడు. పిల్లాడికిప్పుడు నడక వచ్చింది. ఎత్తుకోబోతే నా చెయ్యి విదిలించుకుని, వరండా పొడుగునా ఆగకుండా పరిగెత్తాడు. వాళ్ళ నాన్న వెనకాలే పరిగెత్తాడు.